పిక్క ఎక్కడిది?

"సహజంగా ఉండు తాతా" అంది మా మనవరాలు. అలా అనడం అప్పటికి నాలుగోసారి.

కాశీబుగ్గలో మా ఇంటి అరుగు మీద ఖాళీ పప్పు డబ్బాలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన ఫోను నిలబెట్టింది. నన్ను ఎదురుగా పీట మీద కూచోబెట్టింది. నేను ఇంట్లో కూడా చొక్కా లేకుండా ఉండను. నలభయ్యేళ్ళు గుమస్తాగిరీ చేసినవాడి అలవాటది. ఆ చొక్కా విప్పించి భుజం మీద తుండుగుడ్డ వేసింది. అలాగైతే చూసేవాళ్ళకి నమ్మకం కుదురుతుందట. చేతికి జీడిపప్పు పళ్ళెం ఇచ్చి, "మా ఉద్దానం తోటలోంచి తిన్నగా మీ ఇంటికి" అని చెప్పమంది. చెప్పాను. నవ్వుతూ చెప్పమంటే నవ్వుతూ చెప్పాను. ఆఖరికి ఒళ్ళు మండి, "తోటేటే అమ్మడూ? మన తోట తిత్లీ తుఫానుకి పోలేదేటి?" అన్నాను.

మొత్తం మీద సహజంగా వచ్చిన ముక్క అదొక్కటే. దాన్నే కత్తిరించేసింది.

టెక్కలిలో ఇంజనీరింగు చదివిన పిల్ల. హైదరాబాదులో రెండేళ్ళు ఉద్యోగం చేసి, చాలనుకుని ఇంటికొచ్చి, ఆన్‌లైన్లో పలాస జీడిపప్పు అమ్ముతానంది. సంతోషించాను. మా ఇంట్లో పప్పు తూచినవాళ్ళమే గానీ సొంతంగా అమ్మినవాళ్ళం ఎవరమూ లేము. అయితే అమ్మకం మొదలుపెట్టే ముందు "నిజాయితీగా ప్రచారం చేసుకోవడం ఎలా" అని ఎవరో ఫోన్లో చెప్పే పాఠాలకి డబ్బు కట్టింది. నిజం చెప్పడానికి ఫీజు ఏమిటో నాకు అంతుపట్టలేదు. మా రోజుల్లో అబద్ధానికే ఖర్చయ్యేది, అదీ ప్లీడరుకి.

మా రోజుల్లో ప్రచారమంటే ఏముంది? సంక్రాంతి ముందు ఓ వంద క్యాలెండర్లు, సినిమా హాల్లో ఇంటర్వెల్లో ఒక స్లైడు, పాత ఖాతాదార్లకి తలా ఒక గుడ్డ సంచి. సంచి మీద షావుకారు పేరు, ఊరు పేరు, మూడంకెల ఫోను నంబరు. మా బామ్మ చిన్నప్పుడు ఏం తిన్నదో ఆ సంచి మీద రాసుకోలేదు. ఇప్పుడు ఏ ప్యాకెట్టు తిప్పి చూసినా వెనక ఒక బామ్మ. దేశంలో బామ్మలందరూ మూకుమ్మడిగా పచ్చళ్ళు పెట్టి, పొడులు దంచి, మనవలకి రహస్యం చెప్పి కన్నుమూసినట్టే ఉంది.

అసలు ప్రచారం పళ్ళెంలో జరిగేది. బరంపురం నుంచో విజయనగరం నుంచో వ్యాపారి పొద్దున్న బండికి పలాస స్టేషన్లో దిగి, రిక్షా ఎక్కి తిన్నగా ఫ్యాక్టరీకి వచ్చేవాడు. స్టీలు పళ్ళెంలో గుప్పెడు పప్పు పోసేవాళ్ళం. వాడు ఒక గుండు తీసి రెండు వేళ్ళతో నొక్కేవాడు. టక్కున విరిగితే ఎండిన పప్పు. మెత్తగా ఒంగితే తేమ ఉన్న పప్పు, నెల తిరక్కుండా పురుగు పడుతుంది. తరువాత వాసన, ఆ తరువాత లెక్క. 240 రకం అంటే పౌనుకి 220 నుంచి 240 గింజలు తూగాలి, 320 అంటే 300 నుంచి 320. నంబరు పెరిగే కొద్దీ గింజ చిన్నది, ధర తక్కువ. గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. వచ్చినవాడికీ మాకూ ఈ లెక్క సమానంగా తెలుసు. ఇద్దరికీ తెలిసిన చోట గొప్పలు చెప్పుకోవడానికి పెద్దగా సందు ఉండదు.

మా షావుకారుకి ఒక పద్ధతి ఉండేది. సరుకులో లోపం ముందు తనే చెప్పేవాడు. "ఈ రెండు డబ్బాలూ నిరుటివి బాబూ. పాయసంలో వెయ్యడానికి పనికొస్తాయి, నమలడానికి బాగోవు" అనేవాడు. గుమస్తాగా కొత్తల్లో నాకు గుండె ఆగినంత పనయ్యేది. తీరా చూస్తే ఆ వచ్చినవాడు నిరుటివి రెండూ తగ్గింపు ధరకి తీసుకుని, మంచివి పది డబ్బాలు బేరమాడకుండా పట్టుకెళ్ళేవాడు. ఆయన ధర్మరాజేమీ కాదు. అదే మనిషి అదే బండికి వచ్చే నెల మళ్ళీ దిగుతాడని ఆయనకి తెలుసు. దిగి, ఎదురుగా నిలబడి, మొహం మీదే అడుగుతాడు. ఆ భయం మంచి భయం.

ఇప్పుడు పూణేలో ఎవరో బొత్తాం నొక్కుతారు. పప్పు ముక్క వాసన వేస్తే ఇంకోసారి మన దగ్గర కొనరు, అంతే. వాళ్ళ బదులు ఇంకొకర్ని తెచ్చుకోవడానికి ఫోన్లో ప్రకటనకి డబ్బులు కడితే చాలు. పాత ఖాతాదారుని నిలబెట్టుకోవడం కంటే కొత్తవాణ్ణి కొనుక్కోవడం తేలికైపోయింది. నా దృష్టిలో చెడింది ఇక్కడే. వీడియోలూ సంగీతమూ ఆ తరువాతి సంగతులు.

ప్రచారమంటేనే తప్పని నేను అనడం లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీలకి వచ్చిన జనానికి ఊరికే పంచిపెట్టేవారట. రాసుకున్నవాడికి తలనొప్పి తగ్గితే కొంటాడు, తగ్గకపోతే కొనడు. మా పళ్ళెంలో గుప్పెడు పప్పు కూడా అదే తీరు. మందస కోవా చూడండి. ఊరికి వచ్చినవాడు తిని, ఇంటికి కట్టించుకుపోయి, పక్కింటివాడికి పెట్టబట్టే అంత పేరొచ్చింది.

ఇప్పటి వింతలు ఇంకా ఉన్నాయి. కొనకుండానే బాగుందని రాసేవాళ్ళు అద్దెకి దొరుకుతున్నారట. ఈ బెడద ఎంత ముదిరిందంటే, ఆన్‌లైన్లో జనం రాసే అభిప్రాయాలు ఎలా తీసుకోవాలో, ఎలా చూపించాలో 2022లో బీఐఎస్ వాళ్ళు ఐఎస్ 19000 అని ఒక ప్రమాణమే రాయవలసి వచ్చింది. బంగారానికి హాల్‌మార్కు వేసే వాళ్ళే వీళ్ళు. మనిషి మాటకి కూడా గీటురాయి పట్టుకోవలసిన రోజు వచ్చింది. 2019 వినియోగదారుల చట్టంలో తప్పుదారి పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా ఉంది, రెండోసారి దొరికితే 50 లక్షల దాకా. డబ్బు పుచ్చుకుని బాగుందని చెప్పిన మొహానికి కూడా అది వర్తిస్తుంది. మనవరాలికి ఈ సంగతి చెబితే, "నీకు డబ్బులు ఇవ్వడం లేదు కదా తాతా" అంది.

వీటన్నిటికీ నవ్వి ఊరుకుంటాను. ఒక్కదానికి మాత్రం ఊరుకోలేను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి లోకానికి తెలుసు. ఎందుకొస్తోందో ఇన్నేళ్ళ పరిశోధనలోనూ ఖాయంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. మా చుట్టాల్లోనే డయాలసిస్‌కి వెళ్ళివచ్చేవాళ్ళున్నారు. అలాంటి ఒక ఇంటికి వెళ్ళి, మంచం మీద మనిషిని వీడియో తీసి, వెనక ఏడుపు సంగీతం పెట్టి, చివర్లో "ఉద్దానం కోసం ఒక్క ప్యాకెట్ కొనండి" అని చూపించిన వీడియో ఒకటి చూశాను. ఆ ప్యాకెట్ డబ్బులో ఆ ఇంటికి ఎంత వెళ్ళిందని అడిగినవాడు లేడు. నా చేతిలో ఉన్నది ఫోను కాబట్టి విసిరికొట్టలేదు.

ఇదంతా ఆ రోజు అరుగు మీద పిల్లకి ఏకబిగిన అప్పగించాను. అది శాంతంగా విని, ఫోను ఆపి, ఒకే మాట అడిగింది.

"మీ రోజుల్లో జీడిపిక్క ఎక్కడిదో చెప్పేవాళ్ళేటి తాతా?"

నోరు పడిపోయింది.

చెప్పేవాళ్ళం కాదు. ఉద్దానంలో జీడి దిగుబడి మార్చి నుంచి మే దాకా. ఆ మూడు నెలల పిక్కతో పలాస ఫ్యాక్టరీలన్నీ ఏడాది పొడుగునా ఎలా ఆడతాయి? 80 కిలోల పిక్క బస్తా కొడితే పిక్క నాణ్యాన్ని బట్టి 20 నుంచి 24 కిలోల పప్పు వస్తుంది. ఈ లెక్క వేసుకుంటే మిగతా పిక్క ఎక్కడినుంచో రావాలని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. ఐవరీకోస్టు, ఘనా, బెనిన్, టాంజానియా నుంచి ఓడల్లో వస్తుంది. వచ్చిన పిక్క మా ఊళ్ళో ఉడికి, మా ఆడవాళ్ళ చేతుల్లో తొక్క వదిలించుకుని పలాస జీడిపప్పు అనిపించుకుంటుంది. అందులో అబద్ధం ఉందని నేను ఏనాడూ అనుకోలేదు. పని మాది, పేరు మాది అనుకున్నాను. నిరుటి పప్పని నోరారా చెప్పిన మా షావుకారు కూడా విదేశీ పిక్క అన్న మాట పళ్ళెం దగ్గర ఎత్తేవాడు కాదు. కొనేవాడు అడగలేదు, మేం చెప్పలేదు.

చెప్పనివి ఇంకా ఉన్నాయి. పిక్క కొట్టే ఆడవాళ్ళ చేతులు జీడి నూనెకి కాలి, తోలు ఊడి, నల్లబడి ఉండేవి. బూడిద పులుముకుని కూచునేవారు. వ్యాపారి వస్తున్నాడంటే పళ్ళెం ముందు గదిలోకి తెచ్చేవాళ్ళం, ఆ షెడ్డు వైపు తీసుకెళ్ళేవాళ్ళం కాదు. పిక్క తెచ్చిన రైతు దగ్గర తరుగు పేరిట కిలోనో రెండు కిలోలో ఎక్కువ తూచుకునేవాళ్ళం. ఆ కాటా దగ్గర నిలబడ్డవాణ్ణి నేనే. కొన్నవాడితో నిజం, అమ్మినవాడితో తూకం. మా రోజుల నిజాయితీకి ఒక వైపే తలుపు ఉండేదని డెబ్బయ్యారేళ్ళకి ఒప్పుకుంటున్నాను.

రైతు మాట వచ్చింది గనుక చెబుతాను. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారకముందే మా తీరం మీద పడింది. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపు పడి ఉన్నాయి, జీడిచెట్లు వేళ్ళతో లేచి తిరగబడ్డాయి. జీడి మొక్క నాటితే కాపు మొదలవడానికి మూడేళ్ళు, నిండు కాపుకి ఏడెనిమిదేళ్ళు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఆ వనం లేని ఏళ్ళలో కూడా ఉద్దానం తోటల పప్పు అని అమ్మకాలు ఆగలేదు. ఆ తరువాత 80 కిలోల బస్తాకి 16 వేలు ఇమ్మని రైతులు రోడ్డెక్కారు. విదేశీ పిక్క వచ్చిపడుతుంటే మా పిక్క ఎవడు కొంటాడన్నది వాళ్ళ మొర. తోట బొమ్మ వాళ్ళది, పేరు వాళ్ళది, ఆ పేరు మీద వచ్చే అదనపు రూపాయి మాత్రం వాళ్ళది కాదు. పిక్క ఎక్కడిదో చెప్పకపోతే కొన్నవాడికి పోయేది కొంచెమే. పోయేదంతా వజ్రపుకొత్తూరు, కవిటి వైపు రైతుకి.

ఈ మాట అన్నది నేనా, మనవరాలా అని ఇప్పుడు నాకే గుర్తు లేదు. వారం రోజులు వాదించుకున్నాం. విదేశీ పిక్క అని రాస్తే పలాస పేరు పోతుందని నేను, రాయకపోతే తన మొహం పోతుందని అది. తోట ముక్క కత్తిరించింది ఎవరే అని నేను దెప్పాను. తప్పేనని ఒప్పుకుంది. మా ఆవిడ వంటింట్లోంచి, "ఇద్దరూ కలిసి ఒక్క కిలో అయినా అమ్మండి ముందు" అని కేకేసింది.

చివరికి రెండు రకాల కాగితాలు అచ్చు వేయించింది. ఒకటి, "పిక్క ఆఫ్రికాది. ఉడికించినది, వలిచినది, ఏరినది పలాసలో." రెండోది వేసవి సరుకుకి మాత్రమే: "పిక్క ఉద్దానానిది." ఏ ఊరి రైతు దగ్గర ఏ నెలలో కొన్నదీ, బస్తాకి ఎంత ఇచ్చిందీ కింద ఉంటుంది. ధర కిలోకి వంద రూపాయలు ఎక్కువ. ఎందుకు ఎక్కువో కూడా ఆ కాగితం మీదే ఉంటుంది. అడిగి, ఒప్పుకున్న మీదట పిక్క కొట్టే ఒకావిడ చేతులు వీడియో తీసింది. సంగీతం పెట్టలేదు. కిలోకి ఆమెకి ఎంత గిట్టుతుందో ఆమె నోటితోనే చెప్పించింది. నన్ను మళ్ళీ పీట మీద కూచోబెట్టింది. ఈసారి చొక్కాతోనే.

అమ్మకాలు పెరిగాయని రాస్తే మీరు కూడా ఇదేదో ప్రకటన అనుకుంటారు. మొదటి నెల తగ్గాయి. ఆఫ్రికా అని చూసి నలుగురు డబ్బు వెనక్కి తీసుకున్నారు. ఒకాయన బెంగుళూరు నుంచి ఫోను చేసి, ఇన్నాళ్ళూ తను తిన్నది ఎక్కడిదని అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను. ఆయన అరగంట మాట్లాడి పావు కిలో బద్దలు కొన్నాడు. వేసవి సరుకు వచ్చినప్పుడు కబురు పెట్టమని పదకొండుమంది రాశారు. వాళ్ళ పేర్లు నేనే పాత పద్దు పుస్తకంలో ఎక్కించాను.

మీతో ఒక్క మాట. ఆన్‌లైన్లో పావు కిలో జీడిపప్పు తెప్పించుకుంటే, దేవుడి ముందు పెట్టే లోపు ఒకసారి పళ్ళెంలో పోసి లెక్కపెట్టండి. 240 రకమైతే 121 నుంచి 132 దాకా గుండ్లు ఉండాలి. 320 రకమైతే 165 నుంచి 176. 240కి డబ్బు కట్టించుకుని 160 గింజలు పంపితే, అమ్మినవాడికి ఫోను చేసి అడగండి. ఎలాగూ చేశారు కాబట్టి, పిక్క ఎక్కడిదో కూడా అడగండి.