దింపు మనిషి చక్రాల కుర్చీని

భీమవరంలో జరిగిన ఒక శిబిరం నుంచి నన్ను మడతపెట్టి, ఆటో వెనక తాడేసి కట్టి, ఉండి అనే ఊరికి తీసుకొచ్చారు. ఈ మడత మా జాతికి 1933లో అబ్బింది. అమెరికాలో గని ప్రమాదంలో నడుము విరిగిన హెర్బర్ట్ ఎవరెస్ట్, ఇంజినీరైన తన మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్‌తో కలిసి, కారులో పట్టేలా ఇనుప గొట్టాల కుర్చీ చేయించుకున్నాడు. అంతకుముందు మావాళ్ళు ఇల్లు దాటడమే గగనం.

నేను చేరింది కొబ్బరి దింపు తీసే మనిషి ఇంటికి. కాళ్ళకు బందం వేసుకుని చెరువు గట్ల మీది చెట్లన్నీ ఎక్కి దిగిన మనిషి. వానాకాలం పొద్దున్నే, మాను ఇంకా తడిగా ఉండగా ఎక్కి జారి గట్టు మీద పడ్డాడు. పడ్డప్పుడు కాళ్ళు తిమ్మిరెక్కినా కాస్త కదిలాయట. పరిగెత్తుకొచ్చినవాళ్ళు ప్రేమకొద్దీ, ఒకరు చంకల కింద, ఒకరు మోకాళ్ళ కింద చేతులు వేసి ఎత్తి, ఆటోలో కూర్చోబెట్టేశారు. ఆసుపత్రిలో దింపేసరికి కదలిక పోయింది. చెట్టు చేసిన నష్టమెంతో, ఆ ఎత్తడంలో జరిగిన నష్టమెంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. విరిగిన పూస కదిలితే లోపలి వెన్నుపామును నలిపేస్తుంది. అందుకే పడ్డ మనిషిని పడ్డచోటే ఉంచి, తల, మెడ, నడుము మెలితిరగకుండా పట్టుకుని 108 కోసం ఆగాలి. తప్పనిసరై కదపాల్సి వస్తే చెక్క మీదో, ఊడదీసిన తలుపు మీదో పడుకోబెట్టాలి.

వెన్నుపాము చిటికెన వేలంత లావు, 45 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. చేతిలో తెగిన నరం మెల్లగానైనా మళ్ళీ సాగుతుంది. ఇక్కడ తెగింది అలా అతుక్కోదు. దెబ్బ మెడలో తగిలితే చేతులూ పోతాయి, అంతకన్నా కిందైతే కాళ్ళు. చెట్టే కానక్కర్లేదు, బైకు బోల్తా పడినా, వేసవిలో నీళ్ళు తగ్గిన కాలువలోకి కుర్రాళ్ళు వంతెన మీంచి తలకిందులుగా దూకినా ఇదే జరుగుతుంది. వెన్నెముకకు క్షయ సోకినా కాళ్ళు పడిపోవచ్చు, దాన్ని మాత్రం వేళకు పట్టుకుంటే మందులున్నాయి.

మా ఆయనకు బొడ్డు కింద నుంచి స్పర్శ లేదు. ఓసారి వేడి టీ గ్లాసు తొడ మీద పెట్టుకుని మాటల్లో పడ్డాడు. తోలు పొక్కిందాకా తెలియలేదు. అప్పుడప్పుడూ కాళ్ళు వాటంతటవే ఎగిరెగిరి పడతాయి. చూడొచ్చిన చుట్టాలు "కదులుతున్నాయర్రా, నడిచేస్తాడు!" అని సంబరపడతారు. మెదడు అదుపు తప్పిన నరాలు వెన్నుపాము దగ్గరే జవాబు చెప్పుకోవడం అది. ఆ సంబరాన్ని నమ్మి ఈ ఇంటివాళ్ళు నూనెలకూ కట్లకూ పోసిన డబ్బు తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇలాంటి మనిషికి అసలు గండం పుండు, మూత్రం. కదలని పిరుదుల మీద బరువంతా ఒక్కచోటే పడితే నెత్తురు అందక కండ కుళ్ళుతుంది. అందుకే నా చేతుల మీద అరచేతులు ఆనించి, పావుగంటకోసారి ఒళ్ళు పైకి లేపుతాడు. మరిచిపోతే వంటింట్లోంచి ఆయన భార్య "ఏవండీ, లెగండి" అంటుంది. రాత్రిపూట పక్కకు తిప్పి, టార్చి వేసి చూస్తుంది. ఎర్రమచ్చ కనిపిస్తే వేలితో నొక్కి వదులుతుంది. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే సరే, తెల్లబడకపోతే అది తగ్గేదాకా నా మీద కూర్చోనివ్వదు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్న గొట్టంతో మూత్రం తీయాలి. నిండిన సంగతి ఆయనకు తెలియదు, వదిలేస్తే మూత్రపిండాలకే ఎసరు.

ఇదంతా నేర్చుకున్నది వెల్లూరు ఆసుపత్రిలో. అక్కడే మేరీ వర్గీస్ గారి సంగతి విన్నాడు. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిన ఆ డాక్టరు, చక్రాల కుర్చీలోంచే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది ఆమె ఆధ్వర్యంలోనే.

తిరిగొచ్చాక మేస్త్రిని పిలిచి, అడుగెత్తు అరుగుకు పన్నెండడుగుల వాలు కట్టమన్నాడు. "ఇంత పొడుగెందుకు బాబాయ్, నాలుగడుగులు చాల్దా?" అన్నాడు మేస్త్రి. నిటారు వాలు మీద నేను వెనక్కి తిరగబడతానని ఆయనే దగ్గరుండి కొలిపించాడు. ఆ రోజు నుంచి ఎవరి సాయం లేకుండా వీధిలోకి వస్తున్నాం. చచ్చుబడి మంచానికో కుర్చీకో పరిమితమైనవాళ్ళకు 2024 నుంచి ప్రభుత్వం నెలకు 15 వేల పింఛను ఇస్తోంది. దాంతో గొట్టాలు, మందులు గడుస్తున్నాయి. వాలు మాత్రం ఎవరి గుమ్మానికి వాళ్ళే కట్టుకోవాలి. ఉండిలో మేం ఎక్కలేని మెట్లు ఇంకా ఎన్నో ఉన్నాయి.

ఇప్పుడు కొబ్బరి రాశి దగ్గర కాయల లెక్క ఆయనదే. పొద్దున్నే బందం భుజాన వేసుకుని బయల్దేరే పక్కింటి కుర్రాడికి నన్ను అడ్డంగా తిప్పి "మాను ఆరిందో లేదో చెయ్యి పెట్టి చూడరా, ఎండెక్కాక వెళ్దూగాని" అంటాడు. వాడు ఎదురు చెప్పడు. ఎండ వచ్చేదాకా మా పక్కనే గొంతుక్కూర్చుని కాయలు ఏరుతుంటాడు.