పెద్దసారు పర్సనల్

సింగరేణి బొగ్గు గనుల్లో మారుపేర్ల కథ తెలియనివాళ్లు లేరు. పనిలో చేరినప్పుడు ఒక పేరు, ఊళ్లో ఇంకో పేరు. తీరా కొడుకు ఉద్యోగం కోసం దరఖాస్తు పెట్టేసరికి విజిలెన్స్ ఎంక్వయిరీ మొదలవుతుంది. నీ తండ్రెవరు, తాతెవరు, బడిలో ఏం రాయించారు, ఓటరు లిస్టులో ఏముంది? గోలేటి క్వార్టర్‌లో ఉండే కార్మికుడి వంశవృక్షం మొత్తం ఫైలుకెక్కుతుంది. ఒంట్లో సత్తువ పోయి అన్‌ఫిట్ అడిగితే కొత్తగూడెం మెడికల్ బోర్డు ముందు చొక్కా విప్పి నిలబడాలి. ఇక్కడ ప్రైవసీ మాట ఎవరూ ఎత్తరు. ఎత్తితే బాగుంటుందా? బొగ్గు తవ్వేవాడికి అదెందుకు?

అది పెద్దసార్లకు కావాలి పాపం. వాళ్ల ఆస్తుల లెక్క పైవాళ్లకు ఇస్తారు, మనకు ఇవ్వరు. 2012లో గిరీశ్ దేశ్‌పాండే కేసులో ఉద్యోగి ఆస్తులు, మెమోలు, పన్ను రిటర్నులు వ్యక్తిగతమేనని సుప్రీంకోర్టు చెప్పింది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చంటూ తలుపు సందు మాత్రం వదిలింది. ఆ సందులోంచి కూడా చలిగాలి కొడుతోందనుకున్నారేమో, 2023 డేటా రక్షణ చట్టంలో 44(3) అనే సెక్షన్ పెట్టి, సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపిచ్చే 8(1)(జె)ని కత్తిరించారు. 2025 నవంబరులో అది అమల్లోకొచ్చింది. ఈ సమాచారానికి ప్రభుత్వ పనితో సంబంధముందా అన్న పాత ప్రశ్న పోయింది. శాసనసభకు కాదనలేనిది పౌరుడికీ కాదనకూడదన్న వాక్యమూ పోయింది. ‘వ్యక్తిగత సమాచారం’ అన్న రెండు మాటలు మిగిలాయి. జవాబు రాసే గుమస్తాకు ఎంత సుఖమో!

ఎన్నికల్లో నిలబడేవాడికి ఈ సుఖం లేదు. 2003 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత భార్య బంగారంతో సహా అఫిడవిట్‌లో రాసివ్వాల్సిందే. ఆసిఫాబాద్‌లో డిపాజిట్ పోగొట్టుకున్నవాడి అప్పులు కూడా మనం చదువుకోవచ్చు. ఉపాధి హామీ కూలి ఎన్ని రోజులు తట్ట మోసిందో సామాజిక తనిఖీలో ఊరందరి ముందు చదువుతారు. ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి తీసే (ఓబీ) బిల్లు పాస్ చేసే సారు సంగతి మాత్రం పర్సనల్.

సారుకు షుగరుందా, ఇంట్లో గొడవలున్నాయా, పిల్లల ఫోన్ నంబరేంటి అని అడిగేవాడికి గడ్డిపెట్టాల్సిందే. ఆర్టీఐ పేరుతో బెదిరించి బతికేవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ సారు బామ్మర్దికి టిప్పర్లున్నాయనుకుందాం (ఉన్నాయని కాదు, అనుకుందాం). అవి సారు సంతకం చేసే బిల్లులోనే తిరుగుతున్నాయా? అడిగేది ఇంతే. కంపెనీల చట్టం 184వ సెక్షన్ కింద డైరెక్టర్లు తమకు ఎక్కడెక్కడ ప్రయోజనాలున్నాయో బోర్డుకు చెప్పుకోవాలి. సింగరేణిలో వాటాలు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. అంటే మొత్తం జనం సొత్తే. సొంతదారులకు తప్ప అందరికీ చెప్పుకునే రహస్యమన్నమాట.

నిరాశపడకండి, సమాచార హక్కు చట్టంలో 8(2) ఇంకా బతికే ఉంది. గోప్యతకు జరిగే నష్టం కన్నా ప్రజాప్రయోజనం బరువైతే వివరాలివ్వొచ్చంటుంది. ఆ తూకం ముందుగా వేసేది సారు కింద పనిచేసే సమాచార అధికారి. ఓనరు బొగ్గు లారీని క్లీనరే కాటా వేసి చీటీ రాసినట్టు. పైగా ఆ క్లీనరు బదిలీ కాగితం మీద సంతకమూ ఓనరుదే.