ప్రశ్న చదవని మాస్టారు

"ప్రశ్న రెండుసార్లు చదివి జవాబు రాయండిరా" అని పాతికేళ్లుగా పిల్లల చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన లెక్కల మాస్టారు, గల్ఫ్ స్కూలు కాంట్రాక్టు మీద ఒక్కసారైనా చదవకుండా సంతకం పెట్టేశారు. ఇక్కడ చూపింది ఇంగ్లిష్ ప్రతి. దిగాక ముందు పెట్టింది అరబిక్ ప్రతి. పేచీ వస్తే అక్కడ చెల్లేది రెండోదే!

1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదైన ఏజెంటు పుచ్చుకోదగ్గ ఫీజు 30 వేలు, పైన జీఎస్టీ. ఈయనగారి ఏజెంటు 2 లక్షలన్నాడు. జన్మంతా లెక్కలు చెప్పినాయనకు ఈ తీసివేత రాలేదు. ఆ ఏజెంటుకి లైసెన్సుందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్ చెప్పేది. వెనక బెంచీలో చీటీ పట్టే కళ్లకు అది ఆనలేదు.

"ముందు విజిట్ వీసా మీద విమానం ఎక్కేయండి సార్, వర్క్ వీసా అక్కడ చూసుకుందాం" అన్నాడు. సార్ ఎక్కేశారు. దిగగానే పాస్‌పోర్టూ, బీఈడీ సర్టిఫికెట్టూ 'భద్రంగా' యాజమాన్యం బీరువాలోకి చేరాయి.

ఒకప్పుడు హాజరు వేసిన మాస్టారు, ఇప్పుడు రోజూ మన రాయబార కార్యాలయం గుమ్మంలో హాజరు వేయించుకుంటున్నారు. పాఠం మాత్రం బాగా ఒంటబట్టింది. ట్యూషన్ ఫీజే కాస్త ఎక్కువ!