మంచుబాబు సెలవు చీటీ

యూఏఈ తూర్పు తీరంలోని ఖోర్ ఫక్కాన్‌లో మంచు జులైలో మొదలవుతుంది. బయట నలభై దాటిన ఎండ, సముద్రం మీంచి ఉక్క. లోపల ఏసీ కింద ల్యాప్‌టాప్ తెరుచుకుని మన మంచుబాబు. రేవులోనో, రేవును నమ్ముకున్న సరుకు రవాణా కంపెనీలోనో ఉద్యోగం. సొంతూరు గోదావరి గట్టునో, కరీంనగర్ వైపో. ఎక్సెల్‌లో కొత్త షీటు తెరిచి దానికి ‘గుదౌరి’ అని పేరు పెడతాడు. జార్జియా రాజధాని టిబిలిసికి సుమారు 120 కిలోమీటర్ల దూరం, 2,200 మీటర్ల ఎత్తు, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా స్కీయింగ్. ఎమిరేట్స్ నివాస వీసా ఉన్న భారతీయుడికి జార్జియా వీసా విడిగా అక్కర్లేదు. షార్జా నుంచే విమానం ఉంది. ఇవన్నీ అతడికి కంఠతా. బూట్ల అద్దె ఎంత, లిఫ్టు పాసు ఎంత, ఏ హోటల్ గదిలో కెటిల్ ఇస్తారు (ఉప్మా సంగతి తేల్చుకోవాలిగా) అన్నిటికీ గడులున్నాయి. ఏటేటా షీటు ముదురుతుంది, మనిషి మాత్రం కదలడు. వెళ్ళే యోగం లేక ఆగిపోయాడు పాపం అని తోటివాళ్ళు జాలిపడతారు. వెళ్ళకపోవడంలోనే అతడి తెలివంతా ఉందని నా వాదన.

ముందు సెలవు లెక్క చూడండి. ఏడాది సర్వీసు నిండిన ఉద్యోగికి ఇక్కడి కార్మిక చట్టం 30 రోజుల సెలవు ఇస్తుంది. చట్టం అతడికే ఇచ్చింది గానీ, ఆ రోజులు అతడివేనంటే ఊళ్ళో ఒక్కరూ ఒప్పుకోరు. బావమరిది పెళ్ళికి కొన్ని, మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి కొన్ని, నాన్నగారి కంటి ఆపరేషన్‌కి కొన్ని, పైఅంతస్తు శ్లాబు దగ్గర నిలబడి మేస్త్రీని గదమాయించడానికి మిగిలినవన్నీ. కంపెనీ ఇచ్చే టికెట్టు హైదరాబాదుకే. జీతానిదీ అదే దారి, ఒకటో తారీఖు దాటగానే ఊరికి పోతుంది. ఇంత ఉమ్మడి ఆస్తిలో ఎవరికీ వాటా లేనిది ఆ షీటు ఒక్కటే. నిజంగా వెళ్ళాడనుకోండి, వాటాదారులు పుట్టుకొస్తారు. ఎర్ర జాకెట్టుతో దిగిన ఫోటో కుటుంబం వాట్సాప్ గ్రూపులో పడగానే పెద్దమ్మ కూతురు అందుకుంటుంది: “చాలా బాగున్నావు అన్నయ్యా! అన్నట్టు మావాడి బీటెక్ ఫీజు గడువు శుక్రవారమే.” గల్ఫ్‌లో ఎండకు మాడుతున్నాడు పాపం అన్న సానుభూతి ఒక్క ఫోటోతో కరిగిపోతుంది. అది పోయాక అప్పు అడిగేవాళ్ళకు మొహమాటం ఉండదు.

చేతిలో డబ్బులేక కబుర్లు చెప్పుకుంటున్నాడని కొందరంటారు. ఏటా ఊరికి పట్టుకెళ్ళే బంగారం తూచి చూస్తే ఆ మాట నిలవదు. అంత మంచు పిచ్చి ఉన్నవాడు దుబాయ్ దాకా వెళ్ళొచ్చుగా అని మరికొందరు. ఇది గట్టి ప్రశ్నే. మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌లో 2005 నుంచి స్కీ దుబాయ్ ఉంది: 22,500 చదరపు మీటర్ల మంచు, అయిదు జారుడు వాలులు, వాటిలో పెద్దది 400 మీటర్లు, పైగా పెంగ్విన్లు. వేసుకోవడానికి జాకెట్టు కూడా వాళ్ళే ఇస్తారు. మంచుబాబుకు గిట్టనిది సరిగ్గా అదే. సాయంత్రం వెళ్ళి రాత్రి భోజనానికి ఇంటికొచ్చే చోటుకి ఆర్నెల్ల ప్రణాళిక దేనికి? సెలవు చీటీ రాయనక్కర్లేని మంచును అతడు మంచుగా లెక్కకట్టడు.

మరి భార్యాపిల్లల్ని ఏటా ఊరించడం మోసం కాదా? ఆవిడ నోరెత్తకపోవడానికి కారణం అమాయకత్వమేమీ కాదు. సామాను జాబితా ఆవిడదే; ఆవకాయ సీసా విమానంలో ఒలక్కుండా ఎలా చుట్టాలో అందులో ఒక పేరా ఉంటుంది. డిసెంబరులో ఏం జరగబోతోందో ఆవిడకు భర్త కంటే బాగా తెలుసు. 2019లో షార్జా నుంచి కొత్త రోడ్డు వచ్చింది: 89 కిలోమీటర్లు, హజర్ కొండలను తొలిచిన అయిదు సొరంగాలు. ఆ సొరంగాల్లోంచి ముప్పావు గంటలో ఊడిపడేది చుట్టాలే. బడులకు శీతాకాలం సెలవులు ఇవ్వగానే దుబాయ్‌లో ఉండే తోడల్లుడు, షార్జాలో ఉండే చిన్నాన్నగారి అబ్బాయి పిల్లాజెల్లాతో దిగుతారు. వాళ్ళకు బీచి కావాలి, కొండ మీంచి దూకే జలపాతం కావాలి, 580 మీటర్ల ఎత్తున అల్ సుహుబ్ దగ్గర చలిగాలి కావాలి, తిరిగొచ్చాక వేడివేడి పెసరట్లు కావాలి. ఇతరులు విహారానికి వచ్చే ఊళ్ళో కాపురం పెట్టినవాడు సెలవుల్లో ఊరు వదలలేడు. పెసలు నానబెట్టే చేతులకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

నిజంగా గుదౌరి వెళ్ళొచ్చినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. కానీ వాళ్ళ జాతి వేరు. తిరిగొచ్చిన మర్నాటి నుంచి వాళ్ళు సలహాదారులు: చేతి తొడుగులు అక్కడ కొనొద్దు, ఫలానా మలుపులో ఇన్సూరెన్సు లేకుండా దిగొద్దు. మంచుబాబు అవన్నీ వినయంగా విని షీటులో మరో గడి పెంచుతాడు. ఆ షీటు చివరి వరుసలో జెబెల్ జైస్ అని కూడా ఉంటుంది, చూడండి. రస్ అల్ ఖైమాలో ఉన్న ఆ కొండ మీద 2004 డిసెంబరులో మంచు పడింది, 2009 జనవరిలో పడింది, 2017 ఫిబ్రవరిలోనూ పడింది. దాని ఎదుట ఖర్చు గడిలో అతడు రాసుకున్నది పెట్రోలు ఒక్కటే. తేదీ గడి మాత్రం ఖాళీ. అక్కడ మళ్ళీ పడ్డ రోజున కూడా తోడల్లుడు ఇంట్లోనే ఉంటాడని అతడికి తెలుసు.