కరెంటు పెట్టుడు గూడ కలికాలమే

మా రోజుల్ల మా ఖేడ్‌ల ముసలోనికి మూత్రం ఆగితే ప్రొస్టేటని ఎవడన్నడురా పిలగా? వయసన్నరు, పల్లేరుకాయ కషాయం తాపిండ్రు. ముదిరితే ఎర్రబస్సెక్కిచ్చి పట్నం తోల్కపోయిండ్రు. 1955ల పెట్టిన ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన అక్కడుండె. అప్పటి కోబాల్టు మిషన్లతోటి కరెంటు, అంటే రేడియేషన్, పెడితే తోలు నల్లగ మాడుతుండె. మాడింది కనబడుతుండె గద, అదో తృప్తి!

ఇప్పుడు క్యాన్సరొచ్చిన ప్రొస్టేటును కోసి తీసేసినంక గూడ కథ ఒడ్వదు. కొన్ని నెలలకోపారి పీఎస్ఏ అని నెత్తురు పరీక్ష అంటరు. 0.2 దాటితే రోగం మళ్లొచ్చినట్టట. మా నాయిన జొన్నలు గూడ మానికెతోటే కొలిసిండు, నేను చుక్కెనక అంకెకు నిద్ర పోగొట్టుకుంటున్న.

ఆపరేషన్ కాంగనే కరెంటు పెట్టుమంటే, నా మనవడంత డాక్టరు "ఆగుదాం తాతా" అన్నడు. ఇంగ్లండు తరఫోళ్లు 1396 మందిని చూసి 2020ల తేల్చిండ్రట. ఎంటనే పెట్టినా, పీఎస్ఏ పెరిగినంక పెట్టినా, ఐదేండ్లకు రోగం అదుపు ఇంచుమించు ఒక్కతీరేనట. ఎంటనే పెట్టిచ్చుకున్నోళ్లకే మూత్రం కారుడు, నాళం ఇరుకైపోవుడు ఎక్కువట. ఆగినోళ్లల్ల చానమందికి కరెంటే అక్కెర పడలేదట. నాకు పడ్డది. నా రాత.

కరెంటు గురి తప్పొద్దని బొడ్డు కింద పచ్చబొట్టు పొడిసిండ్రు. మా అమ్మ చెయ్యి మీద తేలుండె, నాకు ఉత్త చుక్కలు. ఇగ పొద్దుగాల దొడ్డికి పోయి, నీళ్లు తాగి, ఉచ్చ ఆపుకొని లైన్ల కూసోవాలె. మూత్రం సంచి నిండితే పేగులు పైకి జరుగుతయట, వాటికి కరెంటు తక్కువ తగులుతదట. ఆపరేషనైనోన్ని ఆపుకొమ్మనుడేందిరా! మిషన్ చెడిపోయిందని గంటసేపు కూసోబెట్టిన్నాడు నా ధోతి సంగతి అడగకు.

కరెంటు పెట్టే నడుమల విరేచనాలు, మూత్రంల మంట, వొళ్లంత నీరసం. అయిపోయినంక కొన్ని వారాలకు తగ్గుతయి. కొందరికైతే ఏడాది రెండేండ్లకు దొడ్డికి నెత్తురు పడ్తది, మొలలని ఊకోవద్దు, చూపిచ్చుకోవాలె. మొగతనం సగం ఆపరేషన్ల పాయె, మిగిలింది కరెంటు తిన్నది. మీ నానమ్మను గీ ముచ్చట అడిగినవో, చీపురందుకుంటది.

అయితే మా కాలపోడు ఇంత సేపు తిట్టుకుంట కూసోనీకి బతికుండకపోతుండె, గది వేరే ముచ్చట. గని ఎర్రబస్సు చెయ్యెత్తితే ఆగుతుండె, డ్రైవర్‌ను బతిమాలితే చెట్టు సాటు దొరుకుతుండె. ఇప్పుడు సంగారెడ్డి దాంక నున్నటి రోడ్డు, చెట్టు లేదు, ఆపేటోడు లేడు.