కరెంటు కంపెనీకి ఈ ఆరు సలహాలు ఎవరిచ్చినా వినకండి

కరెంటు పంపిణీ సంస్థకు కొత్త యాప్ వచ్చినా, కొత్త రకం మీటరు వచ్చినా వాటి వెంటే కొన్ని సలహాలు కూడా వస్తాయి. మీటింగులో వింటే బాగానే ఉంటాయి కానీ స్తంభం దగ్గరికొచ్చేసరికి పనికిరావు. హైదరాబాద్ శివార్లలోని బొంగులూరు లాంటి ఊళ్లకు వీటివల్ల నష్టం మరీ ఎక్కువ. ఔటర్ రింగు రోడ్డు 12వ నంబరు ఎగ్జిట్ ఇక్కడే ఉంది. దగ్గర్లో ఆదిబట్ల, అక్కడ టీసీఎస్, టాటా వాళ్ల విమాన విడిభాగాల కర్మాగారాలు. సాగర్ రోడ్డుకు అటూ ఇటూ వెంచర్లు, వాటి మధ్య మిగిలిన పొలాల్లో బోర్లు. ఏసీ, కర్మాగారం, బోరు మోటారు, మూడూ పక్కపక్కనే నడవాల్సిన చోటు ఇది. ఇలాంటి చోట ఏ కొత్త పరికరం పెట్టినా పదిమంది కలిసి కూర్చోకపోతే పని జరగదు.

అందుకే తరచూ వినపడే ఆరు తప్పుడు సలహాలను, వాటి బదులు చేయాల్సిన పనిని ఇక్కడ రాస్తున్నాను. సబ్‌స్టేషన్ ఆపరేటర్లు, లైన్‌మన్లు, ఏఈలతో (అసిస్టెంట్ ఇంజినీర్లతో) పాటు వాళ్ల కోసం సాఫ్ట్‌వేర్ రాసే కుర్రాళ్లు కూడా చదవాలని కోరిక.

1. "ముందు సాఫ్ట్‌వేర్ కొనేయండి, మిగతావి తర్వాత సర్దుకోవచ్చు"

సర్దుకోవు. ఒక లెక్క చూద్దాం. ట్రాన్స్‌ఫార్మర్‌కు మీటరు బిగించారనుకోండి. నెలలో దాని గుండా 10,000 యూనిట్లు వెళ్లాయి. దాని కిందున్న ఇళ్ల బిల్లులన్నీ కూడితే 7,500 యూనిట్లే తేలాయి. కంప్యూటరు 25 శాతం నష్టమని ఎర్రరంగులో చూపిస్తుంది. కరెంటు దొంగతనమేనని తనిఖీకి బయల్దేరతారు. తీరా చూస్తే దొంగతనం లేదు. పోయిన ఎండాకాలం పక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువైతే, ఒక వీధి ఇళ్లను తీసి దీనిమీద కలిపారు. తీగ మారింది, రికార్డులో సర్వీసు నంబర్లు మారలేదు. ఆ పక్క ట్రాన్స్‌ఫార్మర్ లెక్క చూస్తే అది ఇచ్చిన కరెంటు కన్నా బిల్లయిన కరెంటే ఎక్కువ కనిపిస్తుంది.

ప్లాట్లు పడుతున్న ఊళ్లో ఇలాంటి మార్పులు ఆగవు. కేంద్ర ప్రభుత్వం 2021లో 3 లక్షల కోట్ల రూపాయలకు పైబడిన అంచనాతో, దేశమంతటా 25 కోట్ల స్మార్ట్ మీటర్ల లక్ష్యంతో పంపిణీ సంస్థల పథకం తెచ్చింది. కానీ ఎంత మంచి మీటరైనా తాను ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉందో తనంతట తాను చెప్పలేదు. అది తెలిసింది ఆ వీధి లైన్‌మన్‌కు.

ఇలా చేయండి: లైన్‌మన్, బిల్లు కొట్టే మనిషి, కంప్యూటరు మనిషి ముగ్గురూ కలిసి ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే పదకొండు కేవీ లైను, పొడవునా నడవాలి. ఏ స్తంభం మీంచి ఏ ఇంటికి సర్వీసు వైరు దిగిందో రాసుకోవాలి. తీగ మార్చిన రోజే ఫోనులో రికార్డు కూడా మారాలి. సాఫ్ట్‌వేర్ కొనడం ఈ నడక అయిన తర్వాతే.

2. "లైన్‌మన్‌ను అడిగేదేముంది? పైనుంచి డిజైన్ చేసి ఇచ్చేయండి"

ఈ సలహా ప్రాణాల మీదికి తెస్తుంది. పదకొండు కేవీ లైను మీద పనంటే లైన్‌మన్ ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ను ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, అడుగుతాడు. ఆపరేటర్ బ్రేకర్ తీసి రిజిస్టర్లో రాస్తాడు. లైన్‌మన్ లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, డిశ్చార్జి రాడ్డును లైనుకు తాకించి, పనిచేసే చోటుకు రెండు వైపులా ఎర్తింగ్ చేసి, అప్పుడు స్తంభం ఎక్కాలి. పని ముగించి, మనుషులంతా దిగాక ఎల్‌సీ తిరిగి ఇవ్వాలి. ప్రమాదం ఈ వరుసలో ఏ మెట్టు దగ్గరైనా పొంచి ఉండొచ్చు. ఒకే స్తంభం మీద రెండు ఫీడర్లు వెళ్తుంటాయి. పేర్లు ఒకేలా వినిపిస్తాయి. ఒకటి ఆపమంటే ఇంకొకటి ఆపుతారు. అపార్టుమెంటు జనరేటరును సరిగా కలపకపోతే ఆపిన లైనులోకే వెనకనుంచి కరెంటు వస్తుంది.

ఈ ఎల్‌సీ పనికి యాప్ చేసే వాళ్లు వానలో, చీకట్లో, చేతికి గ్లవుజులు తొడిగిన మనిషిని కళ్ల ముందు పెట్టుకోవాలి. అన్నీ ఇంగ్లీషులో పెట్టి, పదకొండు గడులు నింపమని, మూడు ఫొటోలు ఎక్కించమని అడిగితే అతను దాన్ని పక్కనపెట్టి పాత పద్ధతిలో ఫోను చేసేస్తాడు. అందులో అతని తప్పేమీ లేదు.

ఇలా చేయండి: మొదటి నమూనా తయారవకముందే ఇద్దరు లైన్‌మన్లను, ఒక ఆపరేటర్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి. అక్షరాలు తెలుగులో, పెద్దవిగా ఉండాలి. సిగ్నల్ లేకపోయినా పనిచేయాలి. ఫీడరు పేరుతో పాటు స్తంభం నంబరు కూడా ఇద్దరూ ఒకరికొకరు చదివి వినిపించుకున్నాకే తర్వాతి మెట్టు తెరుచుకోవాలి. ఎల్‌సీ తీసుకున్న మనిషి స్వయంగా తిరిగి ఇస్తే తప్ప బ్రేకర్ వేయడానికి వీలుండకూడదు.

3. "మన డేటా మన దగ్గరే ఉండాలి, పక్క సంస్థకు ఇవ్వొద్దు"

1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డులో ఉత్పత్తి, సరఫరా, పంపిణీ అన్నీ ఒకే గొడుగు కింద ఉండేవి. 1999 ఫిబ్రవరిలో ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో వేరయ్యాయి, 2000లో పంపిణీకి డిస్కంలు వచ్చాయి. కాగితం మీద సంస్థలు విడిపోయినా కరెంటు విడిపోలేదు. సరఫరాను ఇవాళ్టికీ రోజుకు 96 భాగాలుగా, పావుగంటకో లెక్కన ముందే వేసుకుంటారు. ఆ అంచనా తప్పితే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి జారుతుంది.

కలిసి పనిచేస్తే ఏం సాధ్యమో 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు దేశం చూసింది. లాక్‌డౌన్‌లో 9 నిమిషాలు దీపాలు ఆర్పమన్నప్పుడు డిమాండు నిమిషాల్లో దాదాపు 31 వేల మెగావాట్లు పడిపోయి, మళ్లీ అంత వేగంగానూ లేచింది. గ్రిడ్ కూలలేదు. జాతీయ, ప్రాంతీయ, రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రాలు ముందే మాట్లాడుకుని, వెంటనే తగ్గించి వెంటనే పెంచగల జలవిద్యుత్తును సిద్ధంగా పెట్టుకున్నాయి. మన దక్షిణ గ్రిడ్ కూడా ఆ గ్రిడ్‌లో భాగమే, 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ 765 కేవీ లైనుతో మిగతా దేశంతో కలిసింది.

తెలంగాణ డిమాండు 2025 మార్చిలో 17 వేల మెగావాట్లు దాటింది. మబ్బు పట్టగానే సోలారు పడిపోతుంది, ఎండ ముదరగానే ఏసీలు, బోర్లు ఒకేసారి లాగుతాయి. నాగార్జునసాగర్, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రాల్లోని రివర్సిబుల్ టర్బైన్లు నీళ్లను వెనక్కి తోడి పెట్టి అవసరమైనప్పుడు మళ్లీ కరెంటు ఇవ్వగలవు. ఎప్పుడు తోడాలో, ఎప్పుడు వదలాలో తేలాలంటే ఫీడరు లెక్క కిందినుంచి పైదాకా వెళ్లాలి.

ఇలా చేయండి: ఇంటింటి వివరాలు గోప్యంగా ఉంచండి, ఫీడరు మొత్తం లోడును మాత్రం దాచకండి. జెన్‌కో, ట్రాన్స్‌కో, డిస్కం మూడూ ఒకే తెర మీద ఒకే అంకె చూడాలి.

4. "రైతును అడగక్కర్లేదు, పరికరం పెడితే చాలు"

తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. అప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం ఊరూరా చెప్పించాల్సి వచ్చింది. రాత్రిపూట ఏ వేళకో వచ్చే కరెంటు కోసం పొలం గట్టున పడిగాపులు పడలేక రైతు పెట్టుకున్న పరికరం అది. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారిగా లేస్తాయి. నేరుగా స్టార్టయ్యే మోటారు ఆ క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్లు లాగుతుంది. ఐదు హెచ్‌పీ మోటార్లు ఐదు ఉంటేనే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండిపోతుంది. ఏడెనిమిది ఒకేసారి లేస్తే అది కాలిపోవచ్చు. పల్లెల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలని నియమం ఉంది. పంట ఎండే రైతుకు ఆ 48 గంటలూ చాలా ఎక్కువ.

రైతు నమ్మకం పోతే ఏమవుతుందో మనకు తెలుసు. 2000లో సంస్కరణల వెంట వచ్చిన చార్జీల పెంపుపై ఉద్యమం లేచింది, ఆ ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ గాయం ఇప్పటికీ మానలేదు. మీటరు అనగానే రైతు ఉలిక్కిపడటం వెనక ఇంత చరిత్ర ఉంది. ఇందుకు భిన్నంగా, 1970లో మొదలైన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘంలో వినియోగదారులే సభ్యులు. తమ లైను గురించి అడిగే హక్కు వాళ్లకు సభ్యత్వంతోనే వచ్చింది.

ఇలా చేయండి: ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులందరినీ కూర్చోబెట్టి, దాని మీద ఎన్ని మోటార్లు ఉన్నాయో, ఎన్ని ఉండాలో వాళ్లతోనే లెక్క కట్టించండి. మోటార్లకు కెపాసిటర్లు బిగించండి, పాడైతే మార్చే బాధ్యత ఎవరిదో ఆ రోజే తేల్చండి. మీటరు పెడితే అది ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టండి, దేనికి పెడుతున్నారో ముందే చెప్పండి. లోడు మించితే ఆ సందేశం ఏఈకి వెళ్లినప్పుడే రైతుల ఫోన్లకూ వెళ్లాలి. వంతులు వాళ్లే వేసుకుంటారు.

5. "ఒకచోట బాగా నడిచిందిగా, అన్నిచోట్లా పెట్టేయండి"

హైదరాబాద్ జీడిమెట్లలో దాదాపు 12 వేల మంది వినియోగదారులతో స్మార్ట్ గ్రిడ్ పైలట్ జరిగింది. అది పారిశ్రామికవాడ. అక్కడ నేర్చుకున్నది విలువైనదే, కానీ బొంగులూరులో బోరు మోటారుంది, కొత్త ఇల్లుంది, ఇల్లు కట్టడానికి తాత్కాలిక కనెక్షనుంది.

ఇలా చేయండి: తర్వాతి పైలట్‌కు అన్ని రకాల వాడకం కలిసిన ఫీడరునే ఎంచుకోండి. ఎండాకాలం, వానాకాలం రెండూ చూశాకే మాట చెప్పండి.

6. "డ్యాష్‌బోర్డు చూసి తప్పు ఎవరిదో తేల్చండి"

అంతరాయం ఎక్కువైతే మెమో ఇస్తామంటే, నలభై నిమిషాల అంతరాయం లాగ్‌షీటులో ఇరవై అవుతుంది. అంకెలు అందంగా కనిపిస్తాయి, లైను అలాగే ఉంటుంది. 1912 హెల్ప్‌లైన్‌కు వచ్చిన ఫిర్యాదులతో సబ్‌స్టేషన్ లెక్క పోల్చి చూస్తే ఆ తేడా బయటపడుతుంది. అప్పుడైనా శిక్ష వేస్తే మరుసటి నెల ఇంకా జాగ్రత్తగా దాస్తారు.

ఇలా చేయండి: ఆపరేటర్ ఉన్నదున్నట్టు రాస్తే మెచ్చుకోండి. ప్రమాదం త్రుటిలో తప్పితే చెప్పిన లైన్‌మన్‌కు కృతజ్ఞత చెప్పి, ఆ సంగతి అన్ని సెక్షన్లకూ పంపండి. ఏ ఫీడరు మీద, ఏ వేళ, ఏ కొమ్మ తగిలి ట్రిప్ అవుతోందో తెలుసుకుని ఆ కొమ్మ కొట్టించండి. డ్యాష్‌బోర్డు వల్ల ఒనగూరాల్సిన ప్రయోజనం అదే.

మొదలుపెట్టాలనుకునే వాళ్లు ఒక్క పదకొండు కేవీ ఫీడరుతో మొదలుపెట్టండి. నెలకోసారి ఏఈ, ఆపరేటర్, లైన్‌మన్, ఇద్దరు రైతులు, కాలనీ సంఘం నుంచి ఒకరు, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చోండి. ఆ నెల కరెంటు ఎందుకు పోయిందో చెప్పుకోండి. కారణాల్లోంచి ఒక్కటి ఎంచుకుని, దాన్ని తీర్చే పరికరాన్ని మాత్రమే తయారుచేయండి. వచ్చే నెల ఆ కారణం తగ్గిందో లేదో అందరి ముందూ చూడండి. తగ్గకపోతే పరికరాన్ని మార్చండి, ఆ మనుషులను మాత్రం మార్చకండి. ఆ ఊరి లైను తెలిసింది వాళ్లకే.