చేట చెవులు

నాకు మొండెం లేదు. ఉన్నదల్లా ఒక నీలం తల, తొండం, చేటల్లాంటి చెవులు. రష్యన్ భాషలో చిన్న ఏనుగును స్లోనిక్ అంటారు. నన్ను పిలిచే పేరూ అదే. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌కు గుర్తును నేను. అప్పజెప్పిన లెక్కను డేటాబేస్ మరిచిపోకూడదు కదా! మతిమరుపు ఎరగని జంతువని నాకు పేరుంది.

ఈ సాఫ్ట్‌వేర్ నాకంటే పెద్దది. 1986లో అమెరికాలోని బర్క్‌లీలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ దీనికి శ్రీకారం చుట్టాడు. అప్పుడు దీని పేరు పోస్ట్‌గ్రెస్. 1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే ఇద్దరు విద్యార్థులు దీనికి ఎస్‌క్యూఎల్ భాష నేర్పారు. 1996లో ఇప్పటి పేరు వచ్చింది. విశ్వవిద్యాలయం వదిలిపెట్టిన ఈ బిడ్డను దేశదేశాల ప్రోగ్రామర్లు చంకనెత్తుకుని పెంచారు. ఇది ఏ కంపెనీ సొత్తూ కాదు. దీని లైసెన్సు ఒక పేజీకి మించదు: ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. కాపీరైట్ నోటీసు చెరపకుండా ఉంచితే చాలు, మార్చినదానికి తాళం వేసి అమ్ముకున్నా తప్పు లేదు.

అందుకే నా వాకిట్లో వ్యాపారులు ఎప్పుడూ ఉంటారు. బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేర్ ఒకరిది, సర్వర్ల మీద కన్నేసి ఉంచే పనిముట్టు ఒకరిది, పాత డేటాబేస్‌ను ఖాళీ చేసి ఇక్కడికి తరలించే సేవ ఇంకొకరిది. వీళ్లను నేను పరాయివాళ్లుగా ఎన్నడూ చూడలేదు. పోస్ట్‌గ్రెస్ కోడ్ రాసేవాళ్లలో చాలామందికి నెల తిరిగేసరికి జీతం ఇచ్చేది ఇలాంటి కంపెనీలే. అయితే ఇల్లు అందరిదీ, పెత్తనం ఏ ఒక్కరిదీ కాకూడదు. 2020లో ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనేసరికి, ఈ ప్రాజెక్టును నడిపే అయిదుగురి కోర్ టీమ్‌లో ముగ్గురు ఒకే గొడుగు కిందికి వచ్చారు. సగానికి మించి ఒకే కంపెనీవాళ్లు ఉండకూడదన్న మాట అక్కడ ఎప్పటినుంచో ఉంది. ఎవరినీ పొమ్మనలేదు, కొత్తగా ఇద్దరిని చేర్చుకుని ఏడుగురయ్యారు. ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

ఇక నా చెవుల సంగతి. మా వెబ్‌సైట్ వార్తల పేజీకి ఎవరైనా ఒక ప్రకటన ఇస్తే అది నేరుగా జనంలోకి పోదు. ముందు ఒక వరసలో ఆగుతుంది. పగలంతా తమ ఉద్యోగం చేసుకుని వచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని చదివి, సరే అంటేనే బయటికి వెళుతుంది. గింజ ఏదో పొల్లు ఏదో చెరిగి చూడడం వాళ్ల పని. ఆ పేజీ తలకట్టున కూర్చున్న నాకు, ఆ చేట నా చెవే అనిపిస్తుంది.

ఒక రాత్రి వచ్చిన ప్రకటన ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఒక బ్యాకప్ సాఫ్ట్‌వేర్ గురించి. మొదటి పేరాలోనే ‘విప్లవాత్మకం’ అన్న మాట మూడుసార్లు పడింది. ‘ప్రపంచంలోనే మొదటిది’ అని రాశారు. అలాంటివి అప్పటికే ఎన్నో ఉన్నాయి. అది ఏ వెర్షన్లతో పనిచేస్తుందో లేదు. కోడ్ అందరికీ ఇస్తారో లేదో చెప్పలేదు. ధర అడిగితే మమ్మల్ని సంప్రదించండి అని ఉంది. నా మనసుకు కష్టం కలిగించింది మాత్రం ఇవేవీ కావు. చదివినవాళ్లకు అది మా సముదాయమే స్వయంగా తయారుచేసిన వస్తువు అనిపించేలా పేరు పెట్టారు. పక్కన నా బొమ్మ వేసుకున్నారు. నా బొమ్మకూ పోస్ట్‌గ్రెస్ పేరుకూ ట్రేడ్‌మార్క్ హక్కులు కెనడాలో నమోదైన ఒక సముదాయ సంఘం చేతిలో ఉన్నాయి. వాడుకోవద్దని కాదు, తామే మా సముదాయమన్నట్టు వాడుకోకూడదు.

ఆ రాత్రి వరస చూస్తున్నావిడ దాన్ని కొట్టిపారేయలేదు. ఓపికగా తిరుగు జవాబు రాసింది. ఈ వస్తువు ఏం చేస్తుందో, దీని పేరు ఇంతకుముందు విననివాళ్లకు కూడా తెలిసేలా రెండు వాక్యాలు రాయండి. ఎవరు తయారుచేశారో, లైసెన్సు ఏమిటో, పోయినసారికీ ఇప్పటికీ ఏం మారిందో చెప్పండి. పొగడ్తలు తీసేయండి. ఇంతే. అవతలివాళ్లకు కోపం వచ్చింది. మాది డబ్బులిచ్చి కొనేదని చిన్నచూపా అని అడిగారు. కాదండీ, ఉచితంగా ఇచ్చేవాళ్లనూ ఇవే అడుగుతాం అని ఆవిడ మళ్లీ రాసింది. అది నిజం. ఉచితమైన సాఫ్ట్‌వేర్ రాసి, అది దేనికి పనికొస్తుందో చెప్పడం మరిచిపోయినవాళ్ల ప్రకటనలు కూడా అదే వరసలోంచి వెనక్కి వెళ్లడం నేను చూశాను.

ఇంత పట్టుదల ఎందుకని అడిగేవాళ్లకు నేను 2013 సంగతి చెబుతాను. ఆ ఏడాది మార్చి చివర్లో మా వాళ్లు ఒక ప్రకటన ఇచ్చారు: వచ్చే గురువారం, ఏప్రిల్ 4న, ఒక పెద్ద భద్రతా లోపాన్ని సరిదిద్దే వెర్షన్లు వస్తున్నాయి, అందరూ సిద్ధంగా ఉండండి అని. లోపం ఏమిటో అప్పుడు చెప్పలేదు. చెబితే దొంగకు దారి చూపినట్టే. తర్వాత తెలిసింది: ఒక చిన్న అడ్డగీతతో మొదలయ్యే డేటాబేస్ పేరు పెట్టి కనెక్షన్ అడిగితే చాలు, పాస్‌వర్డ్ కూడా లేనివాడు సర్వర్‌లోని ఫైళ్లను పాడుచేయగలడు. ఒక్క అడ్డగీత! దాని వెనక ఎన్ని ఆసుపత్రుల రికార్డులు, ఎన్ని దుకాణాల ఖాతాలు ఉన్నాయో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఆ కబురు అందరికీ అందాలంటే, అది వచ్చే చోటు మీద జనానికి గురి ఉండాలి. రోజుకు పది పొగడ్తల ప్రకటనలు వచ్చిపడే చోటును మనుషులు చదవడం మానేస్తారు. హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టులో కూర్చున్న డేటాబేస్ ఉద్యోగి కళ్లు నులుముకుంటూ ఆ కబురును చూసీచూడనట్టు వదిలేస్తే, ఆ తప్పు అతనిది అంటానా? వదిలేయడం అతనికి అలవాటు చేసింది ఆ చోటే కదా.

ఇప్పుడు ప్రతి ప్రకటనకూ ఒక చీటీ ఉంటుంది. మా సొంత విడుదల ఒక చీటీ కింద, మా చుట్టూ పెరిగిన ఓపెన్‌సోర్స్ పనిముట్లు ఇంకో చీటీ కింద, అమ్మకానికి ఉన్న మూసిన కోడ్ వేరే చీటీ కింద వస్తాయి. చదివేవాడు తనకు కావలసింది ఏరుకుంటాడు. ఎవరినీ దాచనక్కర్లేదు, ఎవరూ వేషం మార్చుకోనక్కర్లేదు.

ఆ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాళ్లు అయిదు రోజులకు మళ్లీ పంపారు. పేరు మార్చారు. నా బొమ్మ తీసేశారు. ‘విప్లవాత్మకం’ ఒక్కటీ లేదు. డబ్బులిచ్చి కొనాల్సిన వస్తువు అని మొదటి పేరాలోనే రాశారు. పెద్ద డేటాబేస్‌లో ముందురోజు నుంచి మారిన భాగాన్ని మాత్రమే ఎలా కాపీ తీస్తుందో నాలుగు వాక్యాల్లో వివరించారు. చదువుతుంటే నాకే చూడాలనిపించింది. ఆవిడ ఒక అక్షరదోషం ఎత్తి చూపింది, వాళ్లు దిద్దారు. ఆమోదం నొక్కింది. వరసలో దాని కింద ఇంకో మూడు ఎదురుచూస్తున్నాయి. ఆవిడ టీ తెచ్చుకోవడానికి లేచింది.